ఐదేళ్ల కౌలు, ఎన్ని రోజుల సేద్యం?

ఉగాది వెళ్లిన వారానికి మా చేను చేసే కౌలు రైతు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. దాళ్వా, అంటే రెండో పంట, కోతకొచ్చింది. వచ్చే సార్వాకి, అంటే వానాకాలం పంటకి, మాట అనుకోవాలి. కౌలు శిస్తు సంగతి ఎత్తే ముందు లోకం సంగతులన్నీ ఓ చుట్టు చుట్టి రావడం మా వైపు మర్యాద. టీ గ్లాసు అందుకుంటూ అడిగాడు.

"మళ్లీ మన పెనుగొండ వస్తదంట కదండీ?"

"ఊరెక్కడికీ పోలేదుగా."

"ఊరు కాదండీ బాబూ, సీటు. రెండొందల పాతిక చేత్తారంట కదా. మన ఎమ్మెల్యే మనకుంటాడు."

పశ్చిమ గోదావరిలోని మా పెనుగొండ ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గం. 2004లో చివరిసారి ఆ పేరుతో ఓటేశాం. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో అది పోయి మేం ఆచంటలో కలిశాం. పక్కనున్న అత్తిలి కూడా అలాగే పోయి తణుకులో తేలింది. నిడదవోలు కొత్తగా వచ్చింది. మొత్తానికి పశ్చిమ గోదావరి 16 నుంచి 15కి, తూర్పు గోదావరి 21 నుంచి 19కి తగ్గాయి. కోనసీమలో అల్లవరం, నగరం పోయాయి, ఆ పక్కన ఆలమూరు పోయింది. రాష్ట్రం మొత్తం సీట్లు 294 దగ్గర కట్టేసి, లోపల మాత్రం 2001 జనాభా ప్రకారం సర్దారు. రంగారెడ్డి లాంటి జిల్లాలు పెరిగిన చోట మా డెల్టా నిదానించింది, అంతే. పిల్లల్ని తక్కువ కన్నందుకూ, కన్నవాళ్లని హైదరాబాదు పంపినందుకూ మూడు సీట్లు పోయాయని మా ఊళ్లో ఓ పెద్దాయన ఇప్పటికీ అంటూ ఉంటాడు. అందులో కొంత నిజం ఉంది.

రెండొందల పాతిక సంగతి గాలిమాట కాదు. 2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లోనే ఉంది: ఆంధ్రప్రదేశ్‌కి 175 నుంచి 225, తెలంగాణకి 119 నుంచి 153. కానీ అదే సెక్షన్ రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అంటుంది. ఆ అధికరణమేమో 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వచ్చేదాకా సంఖ్య ముట్టుకోవద్దంటుంది. జమ్మూ కాశ్మీర్‌కి చేశారుగా, మాకెందుకు చేయరని కోర్టుకెళ్తే, 2025 జూలైలో సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది. జనగణన 2027కి పెట్టారు. దాని లెక్కలు తేలి, కమిషన్ వేసి, సరిహద్దులు గీసేసరికి ఎంత కాలం పడుతుందో మీరే అంచనా వేసుకోండి.

ఇదంతా చెప్పాక ఆయన, "అయితే ఇప్పుడప్పుడే లేదంటారు" అని గ్లాసు కింద పెట్టాడు. నాకు మాత్రం వేరే ప్రశ్న మొదలైంది. పెనుగొండ సీటు తిరిగొస్తే మాకు ఒరిగేదేంటి?

శాసనసభ అనగానే మనం లెక్కపెట్టేది తలకాయల్నే. ఎంతమంది, ఏ పార్టీకి ఎన్ని, ఏ కులానికి ఎన్ని. ఎన్నాళ్లకి అనేది ఎవరూ అడగరు, ఐదేళ్లేగా అనుకుంటాం. ఆ ఐదేళ్లలో ఎన్ని రోజులు అనేదైతే అడిగే అలవాటే లేదు. నా గొడవంతా ఈ మూడో లెక్క గురించి. దానికి ముందు రెండో లెక్క కూడా మనం అనుకున్నంత గట్టిది కాదని చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లోనే దానికి సాక్షి ఉండేవాడు.

మా తాతయ్య మొదటిసారి ఓటేసింది 1952లో. అప్పుడు మాది మద్రాసు రాష్ట్రం, 375 మంది సభ. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాడెద్దుల పెట్టె ఒకటి, కంకి కొడవలి పెట్టె ఒకటి. చీటీ ఏ పెట్టెలో వేశావని అడిగితే మాత్రం చనిపోయేదాకా చెప్పలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు సభలోని మనవాళ్లే మన సభ అయ్యారు. ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తాటిచెట్టు ఎక్కి బతికే గీత కార్మికులు మా డెల్టాలో ఊరూరా ఉండేవాళ్లు, కాబట్టి ఆ ఒక్క ఓటు మాకు దూరపు సంగతి కాదు. 1955 ఫిబ్రవరిలో మళ్లీ ఎన్నికలు, 196 సీట్లు. మూడేళ్లకే రెండో ఓటు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో దేశమంతా ఎన్నికలు. తెలంగాణ ప్రాంతంలో శాసనసభకి 105 మందిని ఎన్నుకున్నారు. ఇక్కడ మాత్రం శాసనసభ ఎన్నికలు లేవు. 1955లో గెలిచినవాళ్లనే కొనసాగించి, 196కి 105 కలిపి 301 మంది సభ చేశారు. 1957లో మా తాతయ్య పార్లమెంటుకి ఓటేసి వచ్చాడు గానీ శాసనసభ ఓటు లేదు. మళ్లీ ఆ ఓటు 1962లోనే.

"పెద్ద ఓటుకి బండి కట్టుకెళ్లాం. చిన్న ఓటేదండీ అని అడిగితే, మీది ముందే అయిపోయిందిగా అన్నాడ్రా ఆ పోలింగు పంతులు" అని చెప్పేవాడు. ఏడేళ్లు. ఐదేళ్లకని పంపినవాళ్లు ఏడేళ్లు కూర్చున్నారు, పంపినవాళ్లని ఎవరూ అడగలేదు. అన్యాయంగా చేశారని నేననను, కొత్త రాష్ట్రం, రెండేళ్ల క్రితమే ఎన్నికలైన ప్రాంతం, ఏదో ఒక సర్దుబాటు చేయాలి. కానీ సర్దుబాటులో గడువు మనది అని ఎవరికీ గుర్తు రాలేదు.

అది ఒక్కసారే అయితే వదిలేద్దును. 1972 మార్చిలో ఎన్నుకున్న సభ 1978 దాకా నడిచింది. ఎమర్జెన్సీలో 42వ సవరణ తెచ్చి ఐదేళ్లని ఆరేళ్లు చేశారు. 44వ సవరణతో మళ్లీ ఐదేళ్లయింది గానీ ఈలోపు మాకు ఆరో ఏడు గడిచిపోయింది. ఆ ఆరేళ్లలోనూ 1973 జనవరి నుంచి డిసెంబరు దాకా, జై ఆంధ్ర గొడవల్లో, రాష్ట్రపతి పాలన. సభ ఉంది, పని లేదు. తర్వాత 1983లో ఎన్నుకున్న సభకి రెండేళ్లే ఆయుష్షు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించడం, నెల తిరిగేసరికి మళ్లీ కూర్చోబెట్టడం, నవంబరులో రద్దు, 1985 మార్చిలో ఎన్నికలు. 2003 నవంబరులో ముందస్తు అని సభ రద్దు చేస్తే ఎన్నికలు ఏప్రిల్లో జరిగాయి. మధ్యలో సభే లేదు. 2014లో 294 మంది సభకి ఓటేశాం, నెల తిరక్కుండానే అది రెండు ముక్కలైంది.

ఇంకా వెనక్కి వెళ్తే మా ముత్తాతల కాలం ఇంకో వింత. అప్పట్లో సర్కారుకి శిస్తు కట్టేవాడికే ఓటు. 1920లో మొదలైన మద్రాసు శాసనమండలికి గడువు మూడేళ్లు. 1930లో ఎన్నుకున్న మండలి 1937 దాకా ఉండిపోయింది. 1937లో 215 మందితో వచ్చిన శాసనసభకి గడువు ఐదేళ్లు, తర్వాతి ఎన్నికలు 1946లో. తెల్లదొరలకి యుద్ధం వచ్చింది పాపం.

రాజ్యాంగం 172వ అధికరణం మాట సూటిగానే ఉంది. మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి ఐదేళ్లు, అంతకు మించి లేదు. ముందే రద్దయితే తప్ప. అత్యవసర పరిస్థితి ఉంటే పార్లమెంటు ఏడాది చొప్పున పొడిగించవచ్చు. ఈ వాక్యంలో పొడిగించే చెయ్యి ఢిల్లీలో ఉంది, తగ్గించే చెయ్యి ముఖ్యమంత్రి దగ్గర ఉంది, గవర్నరు సంతకం పెడతాడు. ఓటరు చెయ్యి ఎక్కడుందో నాకు కనపడలేదు. మనం 2024 మే 13న ఓటేశాం. గడువు అప్పుడు మొదలవలేదు, ఫలితాలొచ్చిన జూన్ 4న కూడా మొదలవలేదు. సభ మొదటిసారి కూడిన జూన్ 21 నుంచి లెక్క. అంటే 2029 జూన్ 20 దాకా కౌలు.

కౌలు అనే మాట ఊరికే వాడలేదు. గడువుని బట్టి సేద్యం మారుతుందని మా అరుగు మీద కూర్చునే మనిషే నాకు చెప్పాడు. ఏడాది కౌలైతే పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి కలియదున్నడు. దాని బలం చేనుకి పట్టేసరికి చేను ఎవరిదో. గట్టు తెగితే ఓ తట్ట మట్టి వేసి సరిపెడతాడు. మూడేళ్లకి మాటిస్తే పశువుల ఎరువు తోలిస్తాడు. చేపల చెరువు లీజుల్లోనూ ఇంతే. మధ్యలో వదిలేసినవాడి లీజు మిగతా రెండేళ్లకి తీసుకున్నవాడు గట్టు ఎత్తు చేయించిన పాపాన పోడు. 2024 డిసెంబరులో పార్లమెంటులో పెట్టిన జమిలి ఎన్నికల బిల్లులో ఉన్నది ఇదే: మధ్యలో సభ పడిపోతే, కొత్తగా ఎన్నికైన సభకి మిగిలిన కాలమే. ఎన్నికల తేదీ ఖాయం కావడం మంచిదే, నేనూ అదే కోరుకుంటాను. కానీ మిగులు కౌలుకి వచ్చిన వాడు ఎలాంటి సేద్యం చేస్తాడో చెప్పడానికి రాజ్యాంగ నిపుణులు అక్కర్లేదు, భీమవరంలో ఏ చెరువు గట్టు మీద అడిగినా చెబుతారు.

సరే, ఎంతమంది అనేది రాశారు, ఎన్నాళ్లు అనేది రాశారు. మరి దున్నడం? రాజ్యాంగం 174వ అధికరణంలో ఉన్నది ఒకే షరతు: ఒక సమావేశం చివరి రోజుకీ, తర్వాతి సమావేశం మొదటి రోజుకీ మధ్య ఆరు నెలలు దాటకూడదు. అంతే. ఏడాదిలో రెండుసార్లు తలుపు తీసి దీపం పెట్టి వేసేసినా చట్టం ఒప్పుకుంటుంది. 2021 మే 20న మన శాసనసభ ఒక్కరోజు కూడింది. బడ్జెట్ పెట్టడం, ఆమోదించడం అన్నీ ఆ రోజే. కరోనా అని కారణం ఉంది, కాదనను. కానీ ఒక్కరోజు సరిపోతుందని తేలిన పనికి మిగతా రోజులెందుకని ఏ ప్రభుత్వమైనా అనుకుంటుంది, రంగు ఏదైనా.

190వ అధికరణంలో ఇంకో నిబంధన ఉంది. అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. వినడానికి కఠినంగా ఉంది కదా. ఆ 60 ఎలా లెక్కపెట్టాలో కూడా అక్కడే ఉంది: సమావేశాలు ముగిసి ఉన్న కాలం లెక్కలోకి రాదు, నాలుగు రోజులకి మించి వాయిదా పడినా ఆ రోజులు లెక్కలోకి రావు. ఏడాదికి పాతిక రోజులు నడిచే సభ అనుకుందాం. గడప తొక్కని సభ్యుడికి 60 రోజులు నిండాలంటే రెండేళ్లు దాటిపోవచ్చు. మధ్యలో ఒక్కరోజు వచ్చి సంతకం పెట్టిపోతే మళ్లీ ఒకటి నుంచి లెక్క. సభ ఎంత తక్కువ నడిస్తే ఎగ్గొట్టేవాడికి అంత భద్రం. 2017లో ఒక ప్రతిపక్షం సభకి రానంది. 2021 నవంబరులో ఇంకో ప్రతిపక్ష నాయకుడు ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని వెళ్లిపోయాడు. 2024 తర్వాత 11 మంది ఉన్న పక్షం ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంది. ముగ్గురికీ వాళ్ల వాళ్ల కారణాలున్నాయి, అభిమానులు వాటిని నాకు వివరంగా చెబుతారని కూడా తెలుసు. వాళ్లని పంపిన ఓటర్లకి మాత్రం ఆ కాలంలో సభలో నోరు లేదు.

నేనిలా మొదలెట్టేసరికి మా కౌలు రైతు అడ్డం కొట్టాడు.

"ఆయన అక్కడ కూచుంటే ఇక్కడ మన పనులెవరు చూత్తారండీ? పింఛను ఆగిందంటే ఆయన ఆఫీసుకే కదా ఎల్తాం."

ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఎమ్మెల్యే అంటే మాకు ఏంటి? పెళ్లికి రావాలి, చావుకి రావాలి, బదిలీకి ఉత్తరం ఇవ్వాలి, పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయాలి. రాని ఎమ్మెల్యేకి ఓటేయం. ఆయన సభలో ఏం మాట్లాడాడని నేను గానీ మా వీధిలో ఇంకెవరు గానీ ఒక్క ఎన్నికలోనూ అడగలేదు. శాసనం చేయమని పంపి, గుమస్తా పని చేయించుకుంటున్నాం. తప్పులో మా వాటా ఇది, ఒప్పుకుంటున్నాను.

అయితే ఆ ఆఫీసులో తేలని పనులు కొన్ని ఉంటాయి, అవే డెల్టాకి ప్రాణం తీసేవి. యనమదుర్రు డ్రెయిన్‌ని తీసుకోండి. మన్యంలో పుట్టిన ఎర్రకాలువ నిడదవోలు పక్క నుంచి నందమూరు అక్విడక్టు దాటి యనమదుర్రుగా మారి భీమవరం మీదుగా కిందకి పోతుంది. పై చేలో గట్టు దాటిన నీళ్లు కింది చేలో నిలబడతాయి. భీమవరంలో ఆ మురుగు పక్కన ఓ సాయంత్రం నిలబడితే చాలు, గుర్రపుడెక్క ఆకుపచ్చ దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, దాని కింద నీళ్ల రంగు చూడబుద్ధి కాదు. వర్షాకాలంలో మా సార్వా నాట్లు మునిగి కుళ్లిపోతే కారణం ఆకాశం ఒక్కటే కాదు, ఇలాంటి మురుగు కాలువల్లో పేరుకున్న మేట కూడా. ఈ ఒక్క డ్రెయిన్ ఎన్ని నియోజకవర్గాల గుండా పోతుందో లెక్కేసుకోండి. ఏ ఎమ్మెల్యే తన ఆఫీసులో కూర్చుని దాన్ని బాగుచేయగలడు? పై ఆయన తవ్విస్తే కింది ఆయన ఊరు మునుగుతుంది, కింది ఆయన తవ్వించకపోతే పై ఆయన తవ్వీ లాభం లేదు. తిలాపాపం తలా పిడికెడు. వీళ్లందరూ ఒకే గదిలో కూర్చుని, బడ్జెట్ పద్దు మీద మంత్రిని నిలబెట్టి అడగాల్సిన పని అది. ఆ గదికే శాసనసభ అని పేరు.

అందుకే పెనుగొండ సీటు తిరిగొస్తుందన్నా నాకు పెద్దగా ఉత్సాహం రాలేదు. డ్రెయిన్ ఐదు ముక్కల బదులు ఆరు ముక్కలవుతుంది. 225 మంది ఉంటే మంత్రుల పరిమితి 15 శాతం చొప్పున 26 నుంచి 33కి పెరుగుతుంది. ఆ ఏడు కుర్చీల మీద ఉన్న ప్రేమే సీట్ల మీద ప్రేమగా కనిపిస్తోందేమోనని నా అనుమానం. అనుమానమే. మొన్న ఎన్నికల్లో ఉమ్మడి గోదావరి జిల్లాల 34 సీట్లూ ఒకే కూటమికి ఇచ్చాం. 34 మంది ఒక మాట మీద ఉంటే యనమదుర్రు ఈపాటికి అద్దంలా ఉండాలి. సంఖ్య తక్కువై ఆగిన పని కాదది.

మరి కావలసిందేంటంటే, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. రాజ్యాంగం పనితీరు చూడమని వేసిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే రాసిపెట్టింది: 70 మందికి తగ్గకుండా సభ్యులున్న శాసనసభ ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని. నేనైతే దానికి ఇంకొకటి కలుపుతాను, ఆ రోజులేవో సంవత్సరం మొదట్లోనే చెప్పాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. మా కాలువలకి అలాగే చెబుతారు. ధవళేశ్వరం కింద పది లక్షల ఎకరాలకి పైగా ఉన్న ఆయకట్టుకి నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కడతారో, నీటిపారుదల సలహా మండలి కూర్చుని తేదీ వేస్తుంది. ఆ సమావేశంలో ముందు వరసలో కూర్చునేది ఈ ఎమ్మెల్యేలే! ఆ తేదీ పేపర్లో వస్తుంది, ఆటోలో మైకు పెట్టి ఊళ్లో చెబుతారు. దాన్ని బట్టే విత్తనం కొంటాం, నారు పోస్తాం, కూలీలకి మాట ఇస్తాం. తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ అయితే లాకు దగ్గరికెళ్లి, కాలువ చూసుకునే లస్కరు మీద అరుస్తాం. సభ ఎప్పుడు కూడుతుందో మాత్రం వారం ముందు టీవీలో తెలుస్తుంది, ఎన్ని రోజులో ఆ రోజు పొద్దున బీఏసీ, అంటే సభా వ్యవహారాల సలహా సంఘం, కూర్చున్నాక గానీ తెలియదు.

పెద్దల సభ గురించి రాయాలనుకున్నాను గానీ క్లుప్తంగా. శాసనమండలి 58 మంది, ఆరేళ్ల గడువు, రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. రద్దు కాని శాశ్వత సభ అని రాజ్యాంగం అంటుంది. ఆ శాశ్వత సభని 1985లో ఎత్తేశారు, 2007లో మళ్లీ తెచ్చారు, 2020 జనవరిలో ఎత్తేయమని తీర్మానం చేశారు, 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు. ఉభయ గోదావరి పట్టభద్రుల స్థానానికి 2025 ఫిబ్రవరిలో నేనూ ఓటేశాను. ఆరేళ్ల క్రితం కూడా వేశాను. అయినా మళ్లీ డిగ్రీ జిరాక్సు, గెజిటెడ్ సంతకం, పద్దెనిమిదో నంబరు ఫారం. ప్రతిసారీ జాబితా మొదటి నుంచీ రాస్తారు కాబట్టి, నేను పట్టభద్రుణ్ణేనని ఆరేళ్లకోసారి రుజువు చేసుకోవాలి. గెలిచినవాడు ఆ ఆరేళ్లలో ఏం చేశాడో రుజువు చేసే ఫారం నంబరు నాకు తెలియదు.

సాయంత్రం నాలుగైంది. చివరికి శిస్తు మాటకొచ్చాం. గట్టు మట్టి ఈసారి ఎవరు వేయించాలన్న దగ్గర కాసేపు ఆగాం, సగం సగం అనుకున్నాం. ఎకరాకి ఒక బస్తా తగ్గించమన్నాడు, అర బస్తా తగ్గించాను. మూడేళ్లకి రాసుకుందామా అని నేనే అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు, పదకొండు నెలల కౌలు కార్డుతోనే బ్యాంకులో లోను రావడం లేదట, మూడేళ్లయితే ఏమంటారో. లేచి బండి దగ్గరకెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఎన్నో తారీఖున వదుల్తారంటండీ?"

"కాలువలా? సభా?"

"కాలవలేనండీ బాబూ. సభతో నాకేం పనండీ" అని కిక్కు కొట్టాడు.